పూత మీద బేరం

డిసెంబరు వచ్చేసరికి తిరువూరు చుట్టుపక్కల మామిడి తోటల్లో పూత మొదలవుతుంది. ఐపీఎల్ వేలం కూడా తరచుగా ఆ నెలలోనే పడుతుంది. అందుకని మా టీ కొట్ల దగ్గర పొద్దుటి పూట రెండు బేరాలూ ఒకే నోట వినిపిస్తాయి. ఫలానా వాళ్ల బంగినపల్లి తోట ఎంతకు మాట్లాడుకున్నారు, ఫలానా కుర్రాణ్ని ఏ జట్టు ఎంతకు కొన్నది.

2022 డిసెంబరు 23న కొచ్చిలో జరిగిన వేలంలో ఆంధ్ర కుర్రాళ్లిద్దరు ఒకే ధరకు పోయారు. గుంటూరు షేక్ రషీద్‌ను చెన్నై తీసుకుంది, విశాఖ నితీశ్ కుమార్ రెడ్డిని హైదరాబాద్ తీసుకుంది. ఇద్దరికీ కనీస ధరే, 20 లక్షలు. ఒకరికి పద్దెనిమిదేళ్లు, ఇంకొకరికి పందొమ్మిది.

"రషీద్ ప్రపంచకప్పు సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద 94 కొట్టినోడు బాబాయ్, వాడిలో సరుకుంది."

"అండర్-19 వేరు, పెద్దాట వేరురా. నిజమైన బౌన్సర్ పడినప్పుడు చూద్దాం."

"నితీశ్ పదహారేళ్లలోపు పోటీల్లో ఒక్క ఇన్నింగ్స్‌లో 441 కొట్టాడు, తెలుసా?"

"ఎవరి మీద? నాగాలాండ్ మీద!"

ఈ వాదన వినడం నాకెంతో ఇష్టం. ఇంకా పచ్చిగా ఉన్న కుర్రాడి గురించి మాట్లాడుతూ మనవాళ్లు తమకు తెలియకుండానే చాలా పాత ప్రశ్న దగ్గరికి చేరుకుంటారు. రేపు కనిపించబోయేది ఇవాళ ఎక్కడుంది? మన పాత తత్వవేత్తల్లో సాంఖ్యులు అది ముందే లోపల ఉందన్నారు. నువ్వుల్లో నూనె ఉంది కాబట్టే గానుగాడితే వస్తుంది, ఇసుకను ఎంత ఆడినా రాదు. నైయాయికులు ఒప్పుకోలేదు. కుండ మట్టిలో ముందే ఉంటే కుమ్మరితో పనేమిటి, చక్రంతో పనేమిటి అని నిలదీశారు. వాళ్ల లెక్కలో కుండ కొత్తగా పుట్టిన వస్తువు. మట్టి ఒక కారణం, కుమ్మరీ చక్రమూ కర్రా మిగతా కారణాలు. అన్నీ ఒకచోట కలిస్తేనే కుండ.

"వాడిలో సరుకుంది" అనేవాడు సాంఖ్యుడు. మా టీ కొట్టు దగ్గర సాంఖ్యులే ఎక్కువ. పొగిడేవాళ్లూ తిట్టేవాళ్లూ ఇద్దరూ ఆ పక్షమే. ఉందని ఒకరు, లేదని ఇంకొకరు, కానీ ఉంటే అది కుర్రాడి లోపలే ఉండాలని ఇద్దరూ నమ్ముతారు. నేను మెల్లగా నైయాయికుల పక్షానికి వచ్చాను. అందుకు ఆ ఇద్దరు కుర్రాళ్ల కథే కారణం.

2023లో చెన్నై కప్పు గెలిచింది, హైదరాబాద్ అట్టడుగున నిలిచింది. గెలిచే జట్టులో ఖాళీ ఉండదు. రషీద్ 2023లోనూ 2024లోనూ బెంచీ మీదే కూర్చున్నాడు, ఒక్క మ్యాచ్ దక్కలేదు. ఓడిన జట్టు మనుషుల్ని మార్చుకుంటుంది. 2024 ఏప్రిల్ 9న పంజాబ్ మీద పైవరుస కూలిపోతున్నప్పుడు నితీశ్ దిగి 37 బంతుల్లో 64 కొట్టాడు. ఆ సీజన్లో 303 పరుగులు, ఎమర్జింగ్ ప్లేయర్ బహుమతి. ఆ అక్టోబరులో హైదరాబాద్ అతన్ని 6 కోట్లకు అట్టిపెట్టుకుంది. రషీద్ ఆ నవంబరులో రంజీలో హైదరాబాద్ మీద 203 కొట్టాడు. అదే నెల వేలంలో చెన్నై మళ్లీ తీసుకుంది, 30 లక్షలకు. అప్పటికి కనీస ధరే 30 లక్షలయింది.

ఒకే ధర పలికిన ఇద్దరి మధ్య రెండేళ్లకు ఇంత దూరం. మావాళ్లు తీర్పు చెప్పేశారు. "చూశావా, సరుకు ఎవరిలో ఉందో తేలిపోయింది."

తేలలేదు. నితీశ్ బౌలింగ్ వేస్తాడు, సిక్సర్లు కొడతాడు, ఇరవై ఓవర్ల ఆటకు అలాంటివాడే కావాలి. ఆ తేడా నిజమే, దాన్ని కాదనను. రషీద్ ఆటలో నాకు కనిపించే గుణం ఓపిక, గంటలకొద్దీ నిలబడగలగడం. దానికి వేలంలో ధర ఉండదు. కానీ ఆడనివ్వని రెండేళ్లను కూడా కుర్రాడి ఖాతాలోనే రాసి, లోపల ఏమీ లేదనడం న్యాయం కాదు. రషీద్‌కు తొలి మ్యాచ్ 2025 ఏప్రిల్ 14న లక్నోలో వచ్చింది. అప్పటికి చెన్నై వరసగా ఐదు ఓడి ఉంది. 19 బంతుల్లో 27 చేశాడు. పది రోజులు తిరిగేసరికి చెపాక్‌లో షమీ వేసిన మొదటి బంతికే ఔటయ్యాడు. ఆ ఒక్క బంతి మీద మా టీ కొట్టు దగ్గర ఎంత మాట్లాడారో, ఆ 203 మీద అందులో పదో వంతు కూడా మాట్లాడలేదు.

మెల్‌బోర్న్ టెస్టు సంగతి నా మనసులోంచి పోదు. 2024 డిసెంబరు 28. తొమ్మిదో వికెట్ పడేసరికి నితీశ్ 99 మీద అవతలి ఎండ్‌లో ఉన్నాడు. సిరాజ్ వచ్చి కమిన్స్ వేసిన మూడు బంతులు ఆపాడు. తర్వాతి ఓవర్లో నితీశ్ బోలండ్‌ను బౌండరీకి కొట్టి వంద పూర్తిచేశాడు, గ్యాలరీలో తండ్రి ముత్యాలరెడ్డి కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ మూడు బంతుల్లో ఒకటి వికెట్లను తాకి ఉంటే? నితీశ్ లోపల ఉన్నది రవ్వంత కూడా తగ్గేది కాదు, కానీ వంద ఉండేది కాదు. అతని సెంచరీకి ఒక కారణం సిరాజ్ బ్యాటులో ఉంది. ఇంకో కారణం చాలా ఏళ్ల కిందట హిందుస్తాన్ జింక్‌లో ఉద్యోగం వదులుకున్న ముత్యాలరెడ్డి నిర్ణయంలో ఉంది.

రషీద్‌లాగే గుంటూరువాడైన అంబటి రాయుడి గురించి పెద్దవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. 2002లో అండర్-19 జట్టుతో ఇంగ్లండ్ వెళ్లి టాంటన్‌లో 177 నాటౌట్. అదే ఏడాది హైదరాబాద్ తరఫున ఆంధ్ర మీద ఒకే రంజీ మ్యాచ్‌లో 210, 159 నాటౌట్. పదిహేడేళ్లకు ఇవన్నీ చూసినవాళ్లకు ఆశ ఆకాశానికెక్కింది. 2007లో బోర్డు ఒప్పుకోని ఐసీఎల్ లీగ్‌కు వెళ్లాడు, రెండేళ్ల తర్వాత బోర్డు తిరిగి రానిచ్చింది. భారత జట్టుకు ఆడేసరికి 2013 వచ్చింది. 55 వన్డేలు, 47 సగటు, టెస్టు ఒక్కటీ లేదు. 2023 ఐపీఎల్ ఫైనల్‌తో ఆట ముగించాడు. ఆ చెన్నై డ్రెస్సింగ్ రూములోనే, ఆ సీజనంతా, అదే ఊరివాడైన రషీద్ తన వంతు కోసం కూర్చుని ఉన్నాడు. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకునేవారో అని నేను చాలాసార్లు ఊహించుకున్నాను.

రాయుడు అనుకున్నంత ఎదగలేదంటారు. ఎవరు అనుకున్నంత? పదిహేడేళ్ల కుర్రాడి పేరు మీద లోకానికి మాట ఇచ్చింది మనం. ఇరవై ఏళ్లపాటు దాన్ని తీర్చాల్సింది మాత్రం అతను. 47 సగటు ఉన్న బ్యాటర్ని చూసి జాలిపడే హక్కు మనకెలా వచ్చిందో నాకు అర్థం కాదు.

పచ్చి కుర్రాడి మీద ముందే తీర్పు చెప్పేయడం మన ఒక్కరి జబ్బు కాదు. ఉత్తర అమెరికా ఐస్ హాకీలో ఏటా కుర్రాళ్లను జట్లు వరసగా ఎంచుకుంటాయి. అదే పనిగా ఊరూరా తిరిగి ఆట చూసే ఉద్యోగులు వాళ్లకుంటారు. అయినా 1998లో 170 పేర్లు అయిపోయాక గానీ పావెల్ దత్సుక్ పేరు రాలేదు. ఆ ఆటలో గొప్పవాళ్లను లెక్కపెడితే అతను తప్పక ఉంటాడు.

మా దగ్గర పూత మీద తోట కొనే వ్యాపారిని చూడండి. మంచు పడితే ఏమవుతుందో, తేనెమంచు పురుగు సోకితే ఏమవుతుందో, పిందె దశలో ఎంత రాలుతుందో, ఏప్రిల్‌లో ఈదురుగాలి కొడితే ఏం మిగులుతుందో అన్నీ లెక్కేసుకుంటాడు. కాపు పోయిన ఏడాది చెట్టును తిట్టడు. అదే మనిషి రషీద్ మొదటి బంతికి ఔటైతే "దండగ" అని లేచిపోతాడు. చెట్టుకిచ్చిన న్యాయం కుర్రాడికెందుకు ఇవ్వడో అని నాకు బాధ. పైగా చెట్టుకు మన మాట వినబడదు, కుర్రాడికి వినబడుతుంది. 2019లో కోల్‌కతా మీద సరిగా వేయలేకపోయినప్పుడు క్రికెట్ మానేసి నాన్నతో ఆటో తోలుకో అన్నారని సిరాజ్ తర్వాత చెప్పుకున్నాడు. మరుసటి ఏడాది అదే కోల్‌కతా మీద రెండు మెయిడిన్లతో 8 పరుగులకు 3 వికెట్లు తీశాడు. అతను తట్టుకున్నాడు. తట్టుకోలేక ఆగిపోయినవాళ్ల పేర్లు మనకు తెలియవు.

అసలు వాదనలోకే రాని పేర్లు ఇంకెన్నో. సంక్రాంతికి మా మండలాల్లో టెన్నిస్ బంతితో పోటీలు జరుగుతాయి. పొలాల మధ్య ఖాళీ జాగాలో, చెప్పులు విడిచి, దూరం నుంచి పరుగెత్తుకొచ్చి బంతి విసిరే కుర్రాళ్లను చూస్తాను. సరుకుందా లేదా అని వాళ్ల గురించి ఎవరూ గొంతు చించుకోరు. మూలపాడులో ఆంధ్ర క్రికెట్ సంఘం మైదానాలున్నాయి, 2016లో భారత మహిళలు వెస్టిండీస్‌తో అక్కడ వన్డేలు ఆడారు. ఇక్కణ్నుంచి అక్కడికి రోజూ వెళ్లిరావాలంటే బస్సు చార్జీ కావాలి, లెదర్ బంతి కావాలి, కిట్టు కావాలి, అన్నిటికన్నా పని మానుకుని వెంట రాగల తండ్రి కావాలి. రషీద్‌కు అలాంటి తండ్రి ఉన్నాడు, నితీశ్‌కు ఉన్నాడు. మామిడి కోతల్లో కూలికెళ్లే తండ్రి ఒక్క రోజు మానితే ఆ రోజు కూలి పోతుంది. ఆ కొడుకు విసిరిన బంతి ఎంత వేగంగా పోయినా దాన్ని కొలిచేవాడు లేడు.

ఇసుకలో నూనె రాదన్న సాంఖ్యుల మాటను నేను కొట్టిపారేయను. కానీ ఏది ఇసుకో ఏది నువ్వులో గానుగ దాకా తీసుకెళ్లకుండా ఎవరు చెప్పగలరు?

ఈసారి సంక్రాంతి పోటీలకు స్కోరు పుస్తకం పెడదామని మావాళ్లను అడుగుతున్నాను. పరుగులూ వికెట్లూ రాస్తే చాలంటున్నారు కొందరు. ఎవరికి ఎన్ని ఓవర్లు ఇచ్చారో, ఎవర్ని ఎన్నో స్థానంలో దింపారో, ఎవరు ఆడకుండా గట్టు మీదే కూర్చున్నారో, అది కూడా రాయాలని నా పట్టు.