విడి గ్లాసు

ఇంటికొచ్చి మంచినీళ్ళడిగితే లేవనే ఇల్లాలిని మా కొడవలూరులో నేను చూడలేదు. మరి వైఫై అడిగితే?

2020 మార్చిలో, లాక్‌డౌన్‌కి ముందు మా అమ్మాయి చెన్నై నుంచి ఆఫీసు లాప్‌టాప్‌తో దిగింది. బడులు మూసేశారు. పాఠాలు సప్తగిరి టీవీలో కొన్ని, ఫోనులో కొన్ని. మా పనిమనిషి కూతురు వైఫై పాస్‌వర్డు అడిగితే చీటీ మీద రాసిచ్చాను, తోడుకి చెంచాడు పెరుగిచ్చినంత తేలిగ్గా.

అమ్మాయి గుండె పట్టుకుంది. "ఇది పెరుగు కాదమ్మా! ఒకే వైఫైలో ఉన్న ఫోన్లూ కంప్యూటర్లూ ఒకే గదిలో ఉన్నట్టు. ఒకదానికి వైరస్ పడితే పక్కదాని తలుపు తడుతుంది. నా దగ్గరున్నది ఆఫీసు సొత్తు."

ఉపాయమూ తనే చెప్పింది. ఒక్క రూటరు నుంచే రెండు వైఫైలు వస్తాయట, ఇంటివాళ్ళకొకటి, గెస్టులకొకటి. గెస్టుకి ఇంటర్నెట్ అందుతుంది, ఇంట్లో మిగతా యంత్రాలు కనపడవు. "ఆ పిల్లని గెస్టులో పెడదాం."

సబబుగానే ఉంది గానీ నాకు మింగుడు పడలేదు. మా అత్తగారి రోజుల్లో పెరటి గూట్లో విడి గ్లాసుండేది, పనివాళ్ళ కాఫీకి. తాగి, కడిగి, వాళ్ళే బోర్లించి పోయేవాళ్ళు. శుభ్రం కోసమేలే అనేవారావిడ. 1950లో రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనం రద్దయింది. మా గూట్లో గ్లాసు మాత్రం రద్దు కాలేదు. కాపురానికొచ్చిన పన్నెండేళ్ళు నేనూ దాన్ని కదిలించలేదు.

మరి జాగ్రత్తకీ, ఎడంగా పెట్టడానికీ తేడా ఏంది? రెండు రోజులు ఆలోచిస్తే ఒకటి తట్టింది. దగ్గుతూ వచ్చిన చుట్టాలకి మేమెప్పుడూ ఆ గ్లాసులో ఇవ్వలేదు. అంటే భయం రోగానికి కాదు, మనిషికి.

"కాపాడాల్సింది లాప్‌టాప్‌నే కదే, దాన్నే గెస్టులో పెట్టు" అన్నాను.

అమ్మాయి నవ్వింది. "అట్టా కూడా కుదురుతుంది. దానికి కావాల్సింది ఇంటర్నెట్టేగా." ఆఫీసు వారి లాప్‌టాప్ మా ఇంట్లో గెస్టయింది. పిల్ల ఇంటి వైఫైలోనే ఉండిపోయింది. మా టీవీకి వైరస్ వస్తే రానీ అనుకున్నాను.

ఆ పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. సాయంత్రాలు వస్తుంది, అరుగు మీద కూర్చుంటుంది.

"లోపలికి రావే, గోడ అడ్డం లేకపోతే సిగ్నల్ బాగా వస్తుంది" అంటాను.

"ఇక్కడే బాగుండాదిలేమ్మా" అంటుంది.