మగ్గం సంకెలా, జీవికా?

 



కులాన్ని విడిచినవాళ్లం చేతిపనిని కూడా విడవాలా? ఆర్మూరు దిక్కు మన ఇంట్ల ఒక ఆడపిల్ల చదువు అయినంక "నేత నేర్చుకుంటా, రంగులద్దుడు నేర్చుకుంటా" అన్నదనుకోండి. పెద్దలు ఏమంటరు? "బాబాసాహెబ్ మనల్ని బయటికి తెస్తే మళ్ల మగ్గం గుంతల దిగుతవా బిడ్డా?" అంటరు. ఆ మాటలో భయం ఉంది, న్యాయం కూడా ఉంది. దాన్ని తోసెయ్యొద్దు, విచారించాలి.

నేత అనగానే పద్మశాలీలే గుర్తొస్తారు. కానీ మన షెడ్యూల్డ్ కులాల జాబితా తీసి చూడండి. 'మాల సాలె, నేతాని' అన్న పేరు కనబడుతుంది. పడుగు అదే, పేక అదే, నాడె అదే. బట్టకు లేని అంటు నేసిన చేతికి పెట్టారు. కులం పనిని పంచలేదని, పనిచేసే మనుషుల్నే విడగొట్టి మెట్ల మీద నిలబెట్టిందని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పారు. ఇష్టాన్ని, నేర్పును అడగకుండా పుట్టుకను చూసి పని అంటగట్టారు. కాబట్టి సంకెల ఆ అంటగట్టడంలో ఉంది. దారం ఏ పాపమూ చెయ్యలేదు.

బుద్ధ భగవానుడు ఉపాసకులు చెయ్యరాని వ్యాపారాలు ఐదు చెప్పారు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. నేత అందులో లేదు. ధమ్మపద అట్ఠకథలో ఆళవి నగరపు సాలె బిడ్డ కథ ఉంది. భగవానుడు వచ్చిన రోజు ఆమె తండ్రికి కండెలు చుట్టి ఇవ్వాల్సి ఉండి ఆలస్యమైంది. సభంతా కూర్చుంది. భగవానుడు ఆమె వచ్చేదాకా మౌనంగా ఆగారు. వచ్చినంక అడిగిన నాలుగు ప్రశ్నలకు, చావు తప్పదని తెలుసని, ఎప్పుడో తెలియదని అర్థమొచ్చేలా ఆమె జవాబిచ్చింది. జనం కసిరారు, భగవానుడు మెచ్చుకున్నారు. పనిచేసే చేతి కోసం ధమ్మం ఆగిందన్నమాట!

అయితే తప్పు పని కాకపోతే చాలదు, అందులో కరుణ ఉండాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఒక్క చీర ఆసుకు వేలసార్లు చెయ్యి ఆడించేది. ఆ భుజం నొప్పి చూడలేక కొడుకు ఆసు యంత్రం చేసి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. "చేనేత గొప్ప కళ" అని పొగుడుతూ నేసేవాళ్ల నొప్పిని చూడనివాళ్లు ఈ తేడా గమనించాలి.

సత్యం కూడా ఉండాలి. పసుపు పండే ఊరివాళ్లకు చెప్పాల్నా? పసుపు అద్దిన బట్ట మొదటి రోజు మెరుస్తుంది. ఎండకు వెలుస్తుంది, సబ్బు తగిలితే ఎర్రబారుతుంది. ఆ సంగతి చెప్పి అమ్మితే సమ్యక్ జీవిక. దాచి అమ్మితే నాలుగో శీలం తప్పినట్టే. మరమగ్గం బట్టను చేనేత అని అమ్మినా అంతే.

కాబట్టి ఆ బిడ్డను కసరకండి, మూడు మాటలు అడగండి. ఇది నీ ఇష్టంతో ఎంచుకున్నావా? నీ నేర్పుకు తగిన కూలి, పేరు నీకే వస్తాయా? రేపు వద్దనుకుంటే వదిలిపోయే దారి ఉందా? మూడింటికీ అవునంటే ఆశీర్వదించండి. ఒక్కదానికి కాదన్నా ఆ మగ్గం మళ్లీ సంకెలే అవుతుంది. అప్పుడు దించేసుకోవడమే మేలు. బతుకు కోసం మగ్గం వదిలి భివండికో గల్ఫ్‌కో పోయిన అన్నను ద్రోహి అనకండి. అట్లనే ఈమె బిడ్డల మెడకు మగ్గం కట్టకండి.

పని మనిషిని ఎంచుకోకూడదు, మనిషే పనిని ఎంచుకోవాలి. బాబాసాహెబ్ మనకు తెచ్చిపెట్టిన హక్కు ఇదే. దీన్ని మన ఇంటి ఆడపిల్లకు కూడా ఇద్దాం.

భవతు సబ్బ మంగళం.