అయిదో శీలం ఎవరి మీద?



పంచశీల చదివేటప్పుడు అయిదో శీలం దగ్గర మన గొంతు కాస్త గట్టిగా లేస్తుంది. గమనించారా? మేం తాగం అన్న ధీమా అది.

మొన్న శామీర్‌పేటలో వందనకు నర్సింగ్ చదివే పిల్లలు కొందరు వచ్చారు. మన పిల్లలే. ఒకమ్మాయి తన వార్డులో చూసిన రోగి గురించి చెప్పింది. చేతులు వణుకుతున్నాయట, లేనివి కనబడుతున్నాయట. "కల్లు కేసు అన్నా, మంచం దగ్గరికి పోవాలంటేనే అసహ్యం" అంది. ఇంకో అమ్మాయి నవ్వుతూ, నైట్ డ్యూటీ చేసొచ్చి నిద్ర పట్టకపోతే తన సీనియర్ ఒక అల్ప్రాజోలం వేసుకుంటుందని చెప్పింది. "అది మందే కదన్నా!"

మందు కల్లులో ఎక్కువగా కలిపేది ఏమిటనుకున్నారు? ఆ అల్ప్రాజోలమే. 2025 జూలైలో మన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే, కూకట్‌పల్లిలో, కల్తీ కల్లు తాగి మనుషులు చచ్చిపోయారు. ఒళ్ళు నొప్పులకు కూలోడు సీసాలో తాగితే తాగుబోతు. డాక్టరు చీటీ లేకుండా గోళీ మింగితే మాత్రం చదువుకున్నోళ్ళు!

ఈ అలవాటు ఉన్నవాళ్ళకు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికీ వస్తుంది. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు జనం ఆస్పత్రులకు ఎగబడ్డది ఇందుకే. డాక్టరు చూపులో మెల్లమెల్లగా తగ్గించాలి. బుద్ధి చెప్తే తగ్గే జబ్బు కాదిది.

అంటే శీలాన్ని సడలించమంటున్నానా? లేదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మత్తు ముట్టనన్నదీ ఉంది. కానీ అది "నేను" అని మొదలయ్యే మాట. పక్కవాడి మీద తీర్పు కాదు. శీలంలో ఉన్న పాళీ మాట పమాదం, అంటే ఏమరుపాటు. రోగిని చూసి మొహం తిప్పుకోవడం ఏమరుపాటు కాదా? అతిసారంతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువును బుద్ధుడు ఆనందుడితో కలిసి స్వయంగా కడిగాడు. ఎందుకిట్లయ్యావని అడగలేదు.

నేను మాత్రం తాగుతాడని మా చిన్నాయన్ను పదేళ్ళు గడప తొక్కనివ్వలేదు, శీలం పేరు చెప్పి. ఆయన పోయాక తెలిసింది, రెండుసార్లు మానబోయి ఫిట్స్‌తో పడిపోయాడని.

ఆ అమ్మాయి తర్వాతి ఆదివారం మళ్ళీ వచ్చింది. "అన్నా, చివరిసారి ఎప్పుడు తాగావు, రోజుకు ఎన్ని సీసాలు అని పక్కన కూర్చుని అడిగిన. చెప్పిండు. సిస్టర్‌కు చెప్పి షీట్లో రాయించిన" అంది.