ఆధారం అడిగేముందు

షాంఘైలో యూదుల ఆనవాళ్లు వెతికేవాళ్లకు కళ్లెదుటే భవనాలున్నాయి. బొంబాయి నుంచి విస్తరించిన ససూన్ వంశంలోని జేకబ్ ససూన్ భార్య పేరిట కట్టించిన ఓహెల్ రేచల్ ప్రార్థనామందిరం ఉంది. హిట్లర్ బారినుంచి తప్పించుకొచ్చి ఆ నగరంలో తలదాచుకున్న దాదాపు 20 వేల మందిని తలచుకోవడానికి ఓహెల్ మోషే మందిరం మ్యూజియంగా మారింది. యుద్ధం అయ్యాక మనుషులు వెళ్లిపోయారు, గోడలు నిలిచాయి.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో మనుషులున్నారు, పాత గోడలే లేవు. బెనె ఎఫ్రాయిమ్ అని తమను చెప్పుకునే ఈ తెలుగు యూదులు మాదిగ కుటుంబాలవాళ్లు, అంతకుముందు బాప్టిస్టు క్రైస్తవులు. షమూయేల్, సాదోక్ యాకోబి సోదరుల పూనికతో 1991లో అక్కడ ప్రార్థనామందిరం వెలిసింది. శుక్రవారం పొద్దుగూకితే దీపాలు పెడతారు, హీబ్రూ అక్షరాలు దిద్దుకుంటారు. మూడు దశాబ్దాలు దాటింది కదా, ఇవాళ్టి పిల్లలకు అది తాతలనాటి మందిరం.

యూదులమని ఎలా చెబుతారంటే వాళ్లు చూపేది తమ ఆచారాలే. చనిపోయినవాళ్లను కాల్చరు, పూడుస్తారు. గొడ్డుమాంసం తింటారు. నా మనసు ఇక్కడే ఆగిపోయింది. ఏ తిండి పేరు చెప్పి ఊరు వాళ్లను దూరంగా పెట్టిందో, ఆ తిండినే వాళ్లు తమ పూర్వీకుల గుర్తుగా ఎత్తి చూపిస్తున్నారు. ఇంతటి ఆత్మగౌరవం ముందు, వీళ్లు నిజంగా యూదుల సంతతేనా అన్న చరిత్రకారుడి అనుమానం నాకు చిన్నదిగా తోస్తుంది. శాసనం వేయించాలంటే భూమి ఉండాలి, రాయాలంటే చదువుండాలి. ఆ రెండూ తరతరాలుగా దక్కనివ్వకుండా, ఇప్పుడు ఆధారం చూపమనడం ఏం న్యాయం?

కోనసీమవాణ్ని కనుక ఈ ఆధారాల్లేని బతుకు నాకు పరాయి ఊరి సంగతి కాదు. మా మామిడికుదురులో 1911లో పుట్టిన దళిత కవి బోయి భీమన్నకు 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది ‘గుడిసెలు కాలిపోతున్నై’ కావ్యానికి. అంతర్వేదికి, ర్యాలికి, అయినవిల్లికి స్థలపురాణాలున్నాయి. దళితపేటలోని తాటాకింటికి ఎవరు రాశారు? నిప్పంటుకుంటే బూడిద, గోదారొస్తే బురద. ఆ ఇంట్లో మిగిలేది వంట తీరు, పెళ్లి తంతు, చావు తంతు, ముసలివాళ్ల నోటిమాట.

మా జిల్లా వారసత్వ స్థలాల జాబితా ఎవరైనా రాయబూనితే గుళ్లతోనే మొదలుపెట్టనివ్వండి. పేటల్లోని ముసలమ్మలను కూర్చోబెట్టి, మీవాళ్లను ఎక్కడ పూడ్చారమ్మా, ఏం పాడుతూ పూడ్చారమ్మా అని అడిగి రాసుకున్నాకే ముగించాలి.