సింహగిరి త్రోవలో సఖ్యభక్తి

శ్రీమద్భాగవతమున ప్రహ్లాదుడు తండ్రికి చెప్పిన తొమ్మిది భక్తిమార్గములలో సఖ్యము ఎనిమిదవది. శ్రవణ కీర్తనములను గూర్చి ఉపన్యాసములు విరివిగా జరుగుచుండును. అర్చనమునకు ఊరూర ఆలయములున్నవి. దాస్యమునకు హనుమంతుని, వందనమునకు అక్రూరుని ఉదాహరింపని పౌరాణికుడు లేడు. సఖ్యము దగ్గరకు వచ్చునప్పటికి అర్జునుడని ఒక్క పేరు చెప్పి ముందునకు సాగిపోవుట ఆచారమైనది. భగవంతునితో చెలిమి మానవమాత్రులకు అందునా యను సంకోచమే దీనికి కారణము కావచ్చును. సంకోచము మంచిదే. కాని దానివలన ఒక నష్టము కూడ కలిగినది. మనుష్యుడు మనుష్యునితో చేయు స్నేహము కేవలము లౌకికమనియు, భక్తితో దానికి పని లేదనియు జనులు భావించుచున్నారు. ఈ భావము శాస్త్రసమ్మతమైనది కాదు.

ఒక ఉదాహరణము తీసికొందము. రోలుగుంట యను గ్రామము పూర్వపు విశాఖపట్టణము జిల్లాలోనిది; 2022 నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. భీమునిపట్టణమునకును నర్సీపట్టణమునకును నడుమ పోవు రాజమార్గము మీద ఈ గ్రామము కలదు. ఆ మార్గమును జనులు బి.ఎన్. రోడ్డు అందురు. అక్కడ డెబ్బది యేండ్లు దాటిన మిత్రులిరువురున్నారనుకొందము. ఒకరు చెఱకు పండించిన రైతు. రెండవవారు బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి పొందిన పంతులు. చుట్టరికము లేకున్నను చిన్ననాటినుండి ఒకరినొకరు బావా యనియే పిలుచుకొందురు. మాఘమాసమున సింహాచలము పోవలెనని పంతులు సంకల్పించెను. రైతు రానని చెప్పెను. నీటికాసుల వ్యాధివలన ఆయనకు రెండేండ్ల క్రిందటనే చూపు పోయినది.

"కొండెక్కి నానేటి సూత్తాను బావా? సామి ముందు నిలబడినా, గోడ ముందు నిలబడినా నాకొకటే. నువ్వెళ్ళి నా పేరు సెప్పు" అని ఆయన అనెను.

ఈ మాట చులకనగా తీసివేయదగినది కాదు. చూపు తగ్గిన తల్లినో తండ్రినో ఇంటి యొద్ద నుంచి మిగిలినవారు యాత్రకు పోవుట, తిరిగివచ్చి ప్రసాదమును వారి చేతిలో పెట్టుట ఎన్నో గృహములలో జరుగుచున్నది. వారి క్షేమము కోరియే అట్లు చేసితిమందురు. ఆ వృద్ధులు కూడ మంచిపని చేసినారని పైకి అందురు. ఆ మాట వెనుక, తాము స్వామికి పనికిరానివారమైతిమను దుఃఖము కలదో లేదో అడుగువారు అరుదు.

పంతులు శాస్త్రము చదివినవాడు కాడు. ప్రమాణములు చూపి ఒప్పించు శక్తి ఆయనకు లేదు. "నువ్వు రాకపోతే ఆ కొండ నాకూ వద్దు. ముసలోళ్ళిద్దరం ఇంటికాడే కూకుందాం" అని మాత్రము చెప్పెను. రైతు కొంతసేపు ఊరకుండి, కఱ్ఱ ఎక్కడనున్నదని అడిగెను. మరునాడు వేకువనే మనుమడు నడుపు కారులో ఇద్దరును బయలుదేరిరి.

రోలుగుంటనుండి చోడవరము పోవు త్రోవకు ఎడమచేతి వైపున తూర్పు కనుమలు చాలదూరము తోడు వచ్చును. కొత్తకోట, రావికమతము దాటు వరకు కొండ ఒకచోట చేరువగా కనబడును, ఒకచోట మంచులో వెనుకకు జరుగును. ఈ ప్రాంతమున కొండల నడిమి పల్లమును లోవ యందురు. జలాశయము వలన పేరుపొందిన కళ్యాణపులోవ అట్టిదే. అది త్రోవకు లోపలగా నున్నది. పంతులు కిటికీ దగ్గర కూర్చుండి కనబడినది కనబడినట్లు చెప్పుచుండెను. ఎండ ఏ కొండ నెత్తిన పడినదో, ఏ చేనిలో వరి కోసి మినుము చల్లినారో, ఏ తాటిచెట్టు తల విరిగినదో ఆయన చెప్పుచుండగా రైతు తల యూపుచుండెను. ఇప్పటి యాత్రికులలో కొందరు బండి యెక్కినది మొదలు దిగు వరకు చేతిలోని ఫోనునే చూచుచుందురు. రెండు కన్నులుండియు వారికి కొండ కనబడదు. వారి సంగతి వేఱు.

యాత్రకు పోవువాడు దారి సొగసును చూచుట తగునా, నామస్మరణ చేసికొనక ఈ ముచ్చటలేల అని కొందరు నిష్ఠాపరులు అడుగుదురు. విశ్వామిత్రుడు రామలక్ష్మణులను వెంటబెట్టుకొని పోవునప్పుడు ప్రతి నదికిని ప్రతి వనమునకును కథ చెప్పెను. చిత్రకూటమున శ్రీరాముడు సీతాదేవికి ఆ పర్వతమును, మందాకినిని చేయెత్తి చూపుచు, రాజ్యము పోయినందులకు ఇప్పుడు విచారము లేదనునంతగా ఆనందించెను. సింహాచల స్థలపురాణము దీనిని మించినది. పురూరవుడు ఊర్వశితో కూడి విమానమున విహరించుచుండగా ఈ కొండయొక్క మహిమ ఆ విమానమును క్రిందికి ఆకర్షించెను. అప్పుడే పుట్టలో మరుగుపడియున్న స్వామి ఆయనకు లభించెను. తపస్సునకు బయలుదేరినవానికి గాక విహారమునకు బయలుదేరినవానికి దొరికిన స్వామియొద్దకు పోవుచు, దారిలోని కొండను చూడరాదనుట ఏమి న్యాయము? భగవద్రామానుజుల సిద్ధాంతమున చేతనాచేతన ప్రపంచమంతయు పరమాత్మకు శరీరము. శరీరమును చూపువాడు శరీరిని విడిచి చూపుట లేదు.

వడ్డాది సమీపించునప్పటికి చెప్పువారు మారిరి. మాఘము చెఱకు గానుగలాడు కాలము. అనకాపల్లి బెల్లమునకు వచ్చిన పేరు ఇటువంటి పల్లెల పెనములవలన వచ్చినదే. త్రోవ ప్రక్కనుండి ఆవిరి వాసన లోనికి రాగానే రైతు, "ఇక్కడ ఇంకా తెట్టు తీత్తన్నారు" అనెను. కొంతదూరము పోయిన తరువాత, "ఇది ముదిరిపోతంది, దింపీమని సెప్పు" అనెను. కారు ఆపి చూడగా ఆయన చెప్పినట్లే యున్నది. అక్కడివారు ఆకులో పెట్టి యిచ్చిన వేడి బెల్లమును ఇద్దరును పంచుకొనిరి. చూచువాడు చూచినది చెప్పెను, వాసన తెలిసినవాడు తెలిసినది చెప్పెను. ఎవరు ఎవరికి తోడు వచ్చిరో ఇక చెప్పుట కష్టము.

పెద్దేటి యొడ్డుననున్న ఈ వడ్డాది పూర్వము ఒడ్డాదియను పేర మత్స్యవంశపు రాజులకు నెలవు. ఆ వంశమున అర్జునుడను రాజు 1269లో ఇచ్చిన దానమును తెలుపు తామ్రశాసనము దిబ్బిడలో దొరికినది. ఆ పేరు వచ్చినది గనుక పాండవమధ్యముని కథ ఒకటి ఇక్కడ చెప్పుకొనవలెను. రైతు అడిగిన ప్రశ్నకు సమాధానము అందులోనే కలదు.

దశమస్కంధము చివరిభాగమున ఈ కథ వచ్చును. ద్వారకలో ఒక బ్రాహ్మణునికి శిశువులు పుట్టినవారు పుట్టినట్లే పోవుచుండిరి. తొమ్మిదవ శిశువు పోయిననాడు అర్జునుడక్కడనుండి ఆ తండ్రి విలాపము వినెను. పుట్టబోవు శిశువును తాను కాపాడుదుననియు, కాపాడలేనిచో అగ్నిలో ప్రవేశింతుననియు ప్రతిజ్ఞ చేసెను. తాను బలరాముడను గాను, కృష్ణుడను గాను, గాండీవము ధరించిన అర్జునుడను అని చెప్పుకొనుటకు కూడ వెనుదీయలేదు. ప్రసవసమయమున సూతికాగృహము చుట్టును బాణములతో పంజరము కట్టెను. ఈసారి శిశువు దేహముతోకూడ మాయమయ్యెను. అర్జునుడు యమపురికి పోయెను, దిక్పాలకుల నగరములన్నియు వెదకెను, పాతాళము గాలించెను. ఎక్కడను కనబడలేదు. చితి పేర్చుకొని అందులో దూకబోవుచుండగా శ్రీకృష్ణుడు ఆపి, ఆ బాలకులను చూపుదును రమ్మనెను.

అప్పుడు ఇద్దరును రథమెక్కి పడమటి దిక్కునకు బయలుదేరిరి. ఏడు ద్వీపములు, ఏడు సముద్రములు, లోకాలోక పర్వతము దాటిరి. ఆవల చీకటి. ఆ చీకటిలో కృష్ణుని గుఱ్ఱములే దారి తప్పెను. సుదర్శనము ముందు నడచి చీకటిని చీల్చెను. దాని వెనుక అపారమైన తేజస్సు కనబడగా అర్జునుడు కన్నులు మిరుమిట్లు గొని రెండు కన్నులును మూసికొనెను. పిమ్మట జలములు, జలములలో వేయి స్తంభముల మందిరము, అందు అనంతుడు, అనంతుని మీద పరమపురుషుడు.

శ్రీకృష్ణుడు తలచినచో బాలకులను ద్వారకకే రప్పింపలేడా? సాందీపని పుత్రుని తెచ్చినవానికి ఇది యొక లెక్క కాదు. అర్జునుని గర్వము పోగొట్టుటకని వ్యాఖ్యానించువారు కలరు. అది నిజమే. కాని గర్వము చితి దగ్గరనే పోయినది. రథమెక్కించి అంత దూరము త్రిప్పవలసిన పని లేదు. అసలు కారణము ఆ శేషశాయి నోటనే వచ్చినది. మీ యిద్దరిని చూడవలెనను కోరికతో ఆ బ్రాహ్మణుని బిడ్డలను తాను తెప్పించితినని ఆయన చెప్పెను. పాఠకులు ఈ మాటను మరల మరల మననము చేయవలెను. అర్జునుడు చూచుటకు పోయెను. పోయిన తరువాత తెలిసినదేమనగా, చూడగోరినవాడు భగవంతుడు. అదియును ఒక్కని గాదు, ఇద్దరిని. నరనారాయణులుగా బదరిలో కలిసి తపస్సు చేసిన ఆ పాత చెలికాండ్ర జంటను ఆయన చూడగోరెను.

కావున, నేనేమి చూతునని రైతు అడిగిన ప్రశ్న సగము ప్రశ్న మాత్రమే. దర్శనమనగా యాత్రికుని కన్నుల పని యని లోకము తలచును. పూర్వాచార్యులు కటాక్షమును మొదట చెప్పిరి. స్వామి చూపు భక్తునిపై పడుట ముఖ్యము. ఆ చూపునకు నీటికాసులు అడ్డము రావు. గుడిలో నిలిచిన మనిషిమీద అది పడును, ఇంటనున్నవానిమీదను పడును. అట్లైనచో ఇంటనే యుండరాదా యని అడుగవచ్చును. ఉండవచ్చును, శరీరము కదలని స్థితిలో తప్పక ఉండవచ్చును. కాని పోగలిగియుండియు, నాకు కన్నులు లేవు గనుక స్వామికి నాతో పని లేదని కూర్చుండుట స్వామి కోరికను కాదనుట యగును.

గురుపరంపరలో కూరేశులవారి చరిత్ర దీనికి తార్కాణము. బోధాయనవృత్తిని సంపాదించుటకై రామానుజులవారు కాశ్మీరమునకు పోయినప్పుడు వెంట పోయినవారు కూరేశులు. దొరికిన గ్రంథమును తిరుగుదారిలో అక్కడివారు లాగికొనగా ఆచార్యులు ఖిన్నులైరి. రాత్రులందు మేలుకొని గ్రంథమంతయు చదివి ధారణ చేసితినని కూరేశులు విన్నవించిరి. శ్రీభాష్యమునకు ఆ ధారణయే తోడ్పడినదని సంప్రదాయము. అట్లు గ్రంథము చదివిన ఆ కన్నులే తరువాత చోళరాజు సభలో పోయినవి. కన్నులు పోయిన పిదప ఆయన తిరుమాలిరుంజోలై చేరి సుందరబాహుస్తవమును రచించిరి. అందు ఆ కొండను, ఆ తోపులను, అళగరు సౌందర్యమును వర్ణించినారు. చూపు పోయినవాడు కొండ సొగసును పాడుట ఎట్లని సందేహించువారు ఆ స్తవమును పెద్దలయొద్ద ఒకమారు వినవలెను. పిమ్మట కాంచీపురమున వరదరాజస్వామి వరమిచ్చినప్పుడు ఆయన తన కన్నులను అడుగలేదు. తన కన్నులు పోవుటకు కారకుడైనవానికి ఉత్తమగతి కలుగవలెనని అడిగిరి.

చోడవరమున స్వయంభూ విఘ్నేశ్వరుని ఆలయము కలదు. సబ్బవరము, పెందుర్తి దాటిన పిదప త్రోవలో పట్టణపు సందడి తప్ప చెప్పదగినది తక్కువ. సింహగిరి ఎక్కునప్పుడు మాత్రము గాలి మారును. చల్లదనము తగులగానే ఇది కొండయని రైతు తానే తెలిసికొనెను.

గర్భాలయము ముందు నిలిచినప్పుడు పంతులు ఎప్పటివలె చూచినది చెప్పబోయి ఆగెను. ఏమి చెప్పవలెను? సింహాచలమున స్వామి నిజరూపము వైశాఖ శుద్ధ తృతీయనాడు తప్ప కనబడదు. ఆనాటి రాత్రి మూడు మణుగుల చందనము సమర్పింతురు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలందు మరల మూడేసి మణుగులు సమర్పింతురు. ఆ పూతలోపల వరాహముఖము, నరాకారము, సింహవాలము అన్నియు మరుగుపడి, చూచువారికి లింగాకృతివలె ఒక చందనపు ముద్ద కనబడును. పురూరవునికి ఆకాశవాణి విధించిన నియమమిది. ఏటికొక్కదినము తప్ప తక్కిన దినములందు ఈ సన్నిధిలో కన్నులున్నవారికిని లేనివారికిని భేదమెంత? లోపల స్వామి యున్నాడని ఇద్దరును నమ్మవలసినదే. మూడడుగుల దూరమున నుండియు కానరానివాని యెదుట వేలకొలది జనులు చేతులు జోడించుచున్నారు. తక్కిన క్షేత్రములలో కన్నులకు మరుగైనది ఇక్కడ లేదు. ఇక్కడ కన్నులే మరుగుపడవలసి యున్నది.

"గంధమే కనబడతంది బావా, ఇంకేటీ లేదు" అని పంతులు చెవిలో చెప్పెను.

"గంధం నాకూ తెలత్తంది" అని రైతు అనెను.

వెలుపలికి వచ్చి కప్పస్తంభము దగ్గర, పంతులు చేయి పట్టి చూపకముందే రైతు రెండు చేతులు చాచి ఆ కంబమును కౌగిలించుకొనెను. అంతకుముందు సన్నిధిలో తీర్థమిచ్చిన పిదప అర్చకుడు ఇద్దరి శిరస్సులపైనను శఠారి నుంచెను. ఆ శఠారి స్వామి పాదుకలు. దానికి ఆ పేరు శఠకోపులైన నమ్మాళ్వారులవలన వచ్చినది. పుట్టినది మొదలు పదునారేండ్లు చింతచెట్టు క్రింద కన్ను తెరువక కూర్చుండిన మహానుభావుడాయన. మధురకవి యను ఒక వృద్ధయాత్రికుడు ఉత్తరదేశమునుండి వెదకికొని వచ్చి పలుకరించునంతవరకు ఆయన మాటాడలేదు.