కొండదారిలో దిగి నడచుట

సైకిలుపై కొండదారి పట్టిన ప్రతివానికిని ఏదో యొక మలుపున ఒక ప్రశ్న ఎదురగును. కాళ్ళు బరువెక్కును, ఊపిరి కుదురు తప్పును, ముందుచక్రము అటునిటు తూలును. ఇక తొక్కజాలనని దేహము మొరపెట్టును. దిగినచో పరువు పోవునని మనస్సు అడ్డుపడును. ఈ రెండింటిలో దేని మాట వినవలెను? దిగి నడచినవాడు కొండ ఎక్కినట్లా, కాదా? చూచుట కిది చిన్న ప్రశ్న. కాని స్వశక్తి యననేమి, సహాయము పొందుట లోపమా, గౌరవ మెచ్చట నున్నది అను పెద్ద ప్రశ్నలన్నియు దీనిలోనే యిమిడి యున్నవి.

ఫ్రాన్సు దేశమున 1903లో ఆరంభమైన ‘టూర్ ద ఫ్రాన్స్’ అను సైకిలు పందెమును 1910లో తొలిసారిగా పిరనీస్ పర్వతముల ఉన్నతమైన కనుమల మీదుగా నడపిరి. వానిలో తూర్మలే యను కనుమ సముద్రమట్టమునకు 2,115 మీటర్ల యెత్తున నున్నది. ఆ దినమున పందెగాండ్రు దాటవలసిన దూరము 326 కిలోమీటర్లు. ఒక్తావ్ లపీజ్ అను యువకుడు తూర్మలేను కొంత తొక్కియు, కొంత సైకిలును త్రోసికొని నడచియు, అందరికంటె ముందు దాటెను. అతని వెనుక వచ్చిన గుస్తావ్ గరిగూ ఒక్కమారైనను దిగక పైకి చేరి, అందులకై 100 ఫ్రాంకుల బహుమానము నందెను. ఆ యేటి పందెమున తుదకు గెలిచినవాడు మాత్రము లపీజ్. గరిగూ మరుసటి యేట, 1911లో, గెలిచెను. దిగనివానికిని దిగినవానికిని ఎవరి కీర్తి వారికి దక్కినది. ఏలయన ఇద్దరిలో నెవ్వరును ఎవ్వరిని మోసగింపలేదు.

ఆ పందెమును స్థాపించిన ఆన్రీ దెగ్రాంజ్ మిక్కిలి కఠినుడు. గేర్లు మార్చు సాధనము వయసు మళ్ళినవారికే తగుననియు, యంత్రపు ఉపాయముతో గాక కండబలముతో గెలుచుటయే గెలుపనియు అతని తలంపు. ప్రధాన పందెగాండ్రకు గొలుసు నొక పళ్ళచక్రము నుండి మరియొకదానికి మార్చుకొను వీలు 1937లో గాని లభింపలేదు.

అతని వాదము వినుటకు గంభీరముగా నున్నది. కాని విచారించి చూడుడు. గేరు మార్చినంత మాత్రమున కొండ యెత్తు తగ్గదు, దేహభారము తగ్గదు, ఆ భారమును అంత యెత్తునకు చేర్చుటకు వలయు పనియు తగ్గదు. చిన్న గేరులో ఒక్కొక్క తొక్కుడునకు బలము తక్కువ చాలును. కాని తొక్కుళ్ళ సంఖ్య పెరుగును. గేరు శ్రమను మాన్పదు. మనము మోయగల పాళ్ళుగా పంచి యిచ్చును. మలుపుల దారి చేయు పనియు నిదియే. నిటారుగా ఎక్కలేని యెత్తును చుట్టు త్రిప్పి, దూరమును పెంచి, వాలును తగ్గించును. దారి వేసినవాని యుపకారమును స్వీకరించి, గేరు చేసినవాని యుపకారమును నిందించుట యే న్యాయము? బ్యాటరీతో నడచు సైకిలు మాత్రము కొంత పనిని తానే చేయును. అయినను మోకాళ్ళు చెడిన వృద్ధుడొకడు దానిపై నెక్కి, దానిపైననే వచ్చితినని చెప్పినచో అతని యందు తప్పేమున్నది? సహాయము తప్పు కాదు. మరి తప్పెచ్చట నున్నది? ఇందులకు సమాధానము నాకు గ్రంథములలో దొరకలేదు. నా తప్పులోనే దొరకినది.

మా కుటుంబము కొన్ని తరములుగా చిక్కబళ్ళాపురము ప్రాంతమున నున్నది. ఇంట తెలుగు, వీధిలో కన్నడము. మాకు సమీపముననే 1,478 మీటర్ల యెత్తు గల నందికొండ యున్నది. దిగువ నంది గ్రామమున భోగనందీశ్వరుడు, శిఖరమున యోగనందీశ్వరుడు. నాకు పదునెనిమిదేండ్లు నిండిన యేట నేనును, నాకంటె ఏడాది పెద్దవాడైన మేనత్త కుమారుడును బాడుగ సైకిళ్ళపై ఆ కొండ కెక్కబోతిమి. అవి ఒకే గేరు గల బరువైన ఇనుప సైకిళ్ళు. ఇంటివారందరు బస్సులో ముందుగా పైకి చేరి మాకై కనిపెట్టుకొని యుండిరి. మా బావ నాలుగవ మలుపుననే దిగి, సిగ్గుపడక, సైకిలు త్రోసికొని నడువసాగెను. నేను నవ్వి ముందుకు సాగితిని. కొంత దూరము పోవునప్పటికి నా వల్లను గాలేదు. వెనుకముందులు చూచి, ఎవరును లేరని నిశ్చయించుకొని, దిగితిని. అట్లు ఎన్ని మలుపులు నడచితినో లెక్క లేదు. శిఖరము దగ్గరపడగానే మరల నెక్కి, తొక్కుచు, అందరి యెదుటికి వచ్చితిని. “ఎక్కడా దిగలేదు” అని చెప్పితిని. మా తాతగారు నా వీపు తట్టిరి. బావ చాలసేపటికి చెమటలు గ్రక్కుచు వచ్చెను. అందరితో పాటు నేనును వానిని గేలి చేసితిని. వాడు “కొండ ఎక్కినా కదరా, ఇంకేమి?” అని మాత్రమనెను. కాని ఆ తరువాత వాడు సైకిలుపై మరల ఆ కొండ వైపు రాలేదు.

ఇది జరిగి యేబది యేండ్లు కావచ్చినది. నిరుడు నా మనుమరాలు గేర్లున్న సైకిలుపై నాతో కూడ నందికొండ కెక్కెను. నిటారైన మలుపు రాగానే, “తాతా, ఇక్కడ దిగుదాము” అని నిస్సంకోచముగా దిగినది. నేనును దిగితిని. ఆమె ప్రక్కన నడచుచు క్రిందికి చూచితిని. అప్పుడు నాకొక సంగతి స్ఫురించినది: మలుపుల దారిలో క్రింద నున్నవానికి పైదారి కనబడుచుండును. ముందు పోవువాడు వెనుకకు చూచి ఎవరును లేరనుకొనును. వెనుకవాడు తల యెత్తిన చాలును.

మరునాడే బావ యింటికి పోయి జరిగినదంతయు చెప్పితిని. వాడు నవ్వెను. “నేను ఆపొద్దే చూసినానురా. కింది మలుపులో ఉంటిని కదా, పైదోవంతా అగుపడతా ఉండె.”

“మరి తాతతో చెప్పలేదేమి బావా?”

“చెప్పింటే నువ్వూ కొండకు పోయేది మానేస్తావని.”

నేను తల వంచుకొంటిని. నా గేలి వాని సైకిలును మూలబెట్టినది. వాని మౌనము నా సైకిలును నడపినది. ఆ దినమున కొండ నిజముగా నెక్కినవా డెవడో ఇక వేరుగ చెప్పవలెనా?

దిగుట ఓటమి కాదు. చిన్న గేరు మోసము కాదు. దిగితినను సంగతిని దాచుటయు, దిగినవానిని గేలి చేయుటయు, ఈ రెండే దోషములు. ఇవి తరచు కలిసియే యుండును. తన నడకను దాచుకొనువాడే పరుని నడకను బిగ్గరగా చాటును.

ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా వసించుచున్న మన కిందు స్వవిషయము కూడ కొంత కలదు. మన పిల్లలు తెలుగున నొక వాక్యము మొదలిడి, నడుమ కన్నడమునో, తమిళమునో, ఒడియానో, మరాఠీనో ఊతగా పట్టుకొందురు. అప్పుడు నవ్వు పెద్దలము మనమే. మన మాటలలో నెన్ని యెరువు మాటలున్నవో మనమెన్నడును లెక్కింపము. ఒక్క నవ్వుతో పిల్లవాడు ఆ దారినే విడువవచ్చును. ఊతతోనైనను వాడు పైకే వచ్చుచున్నాడని గ్రహించి, ఒక మలుపు దగ్గర ఆగి, వాని కొరకు వేచి యుండుట మన ధర్మము. వీలైనచో మనమును దిగి, వానితో కొంత దూరము నడువవలెను.