విప్పని పెట్టె

ఒక వస్తువును అది యేపనికై పుట్టినదో యాపనికి వినియోగించి యరుగగొట్టుట న్యాయమా, లేక వినియోగింపక దాచియుంచుట న్యాయమా? ఈ ప్రశ్న మాకు దర్శనగ్రంథములవలన గాక బాలుర యాటవస్తువువలన దోచినదన్న చదువరులు నవ్వుదురేమో! నవ్వినను కొంచెము వినగోరుచున్నాము.

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రమున నార్ఫోక్ అను నూరిలో పాదరక్షల యంగడి నడపుచుండిన ఆర్విల్ కార్లైలును, ఆయన సోదరుడు రాబర్టును 1954లో కాగితముతోను తేలికకొయ్యతోను చిన్న రాకెట్టు నొకదానిని నిర్మించిరి. 1957లో సోవియట్టువారి స్పుత్నిక్ ఆకసమున కెక్కగా, దానిని జూచి యుబ్బిన బాలు రనేకులు లోహపు గొట్టములలో మందు కూరి గాయపడుచుండిరి. ఆ సాహసమునకు నిరపాయమైన దారి యీ కాగితపు రాకెట్టు. 1958లో వెర్నన్ ఎస్టెస్ దీని యింజనులను జేయు యంత్రమును గల్పించెను. పిమ్మట ఎస్టెస్ సంస్థయు, 1961లో ఫీనిక్సున మొదలైన సెంచురి సంస్థయు విడిభాగములను పెట్టెలలో నమర్చి యమ్మసాగినవి. అట్టగొట్టము, బాల్సాకొయ్య ముక్కు, రెక్కలు గోసికొనుటకు పలుచని పలక, పారాచూటు, రబ్బరు పట్టీ, కూర్పు తెలుపు పత్రము: ఇంతియే. ఇంజనులోని తుపాకిమందు మండి రాకెట్టు లేచును. కొన్ని సెకనులు పొగ మాత్రమే విడుచుచు పోవును. కడపట చిన్న ప్రేలుడు ముక్కును వెలికి ద్రోసి పారాచూటును విప్పును. దిగినదానికి క్రొత్త యింజను పెట్టి మరల నెగురవేయవచ్చును.

అట్టి పెట్టెలలో పెక్కింటి తయారీ యేనాడో నిలిచిపోయినది; సెంచురి యను పేరే 1980 తరువాతి యేండ్లలో నంతరించినది. నాటి బాలురు నేడు నెరసినతలలతో వానిని వెదకి హెచ్చువెల నిచ్చి కొనుచున్నారు. కొందఱు విప్పి, కట్టి, యెగురవేయుదురు. కొందఱు పెట్టెపై కాగితమునైన జింపరు. విప్పినచో వెల పడిపోవు ననుట వారి మొదటిమాట. దానిని మేము లెక్కగొనము. మిగిలినవి కొలదియే, ఒకటి చెట్టుకొమ్మను జిక్కిన లోకమున నొకటి తగ్గు ననుట రెండవమాట. ఇది త్రోసివేయదగినది కాదు.

కాని దాచుటవలన నిజముగా నిలుచున దెయ్యది? మన యిండ్లలో పెట్టెనడుగున దాచిన పట్టుచీర కట్టకయే మడతలవెంట చీలుట యెఱుగనివా రెవరు? ఆ పెట్టెలోని రబ్బరు పట్టీయు నట్లే పెళుసెక్కి తునుగును. అంటింపు బొమ్మలు పసుపుబాఱి పగులును. బొమ్మలకొలువులోని బొమ్మ చూచుటకే పుట్టినది గనుక, చూచుటయే దాని వినియోగము. కట్టని రాకెట్టు మాట యట్లు గాదు. అది యింకను రాకెట్టు కాలేదు.

మూడవ తెగవా రున్నారు. వీరు పాత పత్రములలోని కొలతలనుబట్టి క్రొత్త గొట్టమును గోసి, క్రొత్తకొయ్యను చెక్కి, యా నమూనాను మరల బుట్టింతురు. నకలని దీనిని చిన్నచూపు చూచువారు కలరు. పదమున కర్థము జాతియా, వ్యక్తియా యని మీమాంసకులును నైయాయికులును వాదించుకొనిరి గదా! గోవనిన నీ యెదుటి యావు మాత్రమే కాదని మీమాంసకుని పక్షము. ఆ న్యాయమున రాకెట్టు దాని కొలతలయందున్నది. అట్ట యేనాటిదైన నేమి? మేమును ఈ పక్షమువారమే. కావున పెట్టె గలవాడు మొదట ప్రతిభాగమును గొలిచి, పత్రమునకు ప్రతి తీయించి, యడిగినవారి కిచ్చి, యటుపై నిశ్చింతగా కట్టవలెను. కొలువక కట్టినవాడును, కొలువనీయక దాచినవాడును మా దృష్టిలో సమానదోషులే.

అయినను మాకొక చిక్కు తీరలేదు. చిన్ననాడు కాసులేక కొనజాలని యా పెట్టెను నలువదియేండ్లకు సంపాదించినవాని యెదుట నకలు నుంచి, జాతి యొక్కటియే యని చెప్పిన నాతడు తృప్తి పడునా? పడడు. అతడు ఇన్నాళ్లు వెదకినది అంగడి యద్దముముందు నిలిచిన యా దినమును. విప్పిచూచిన నందులో అట్టయు కొయ్యయు తప్ప మఱేమియు నుండదని యతనికిని తెలియును. విప్పుటకు చేయి రానిది అందుచేతనే కాబోలు.